డాక్టరమ్మగారి తప్పొప్పుల పట్టిక

మంగళవారం పొద్దున ఆఫీసు మీటింగ్‌లో నా వంతు వచ్చి మాట్లాడుతుండగా ఫోన్‌లో మెసేజ్ పడింది. "అమ్మ ఇందాకే పోయింది. హాస్పిటల్లోనే. నిద్రలోనే." పంపింది మా వీధిలో మూడిళ్ళ అవతల ఉండే స్నేహితురాలు. పోయింది వాళ్ళమ్మగారు. మిషిగన్‌లోని ఈ నోవై ఊళ్ళో ఉన్న మన తెలుగువాళ్ళలో చాలామందికి ఆవిడ డాక్టరమ్మగారిగానే తెలుసు. నేను మధ్యలో ఆగకుండా, "ఈ వారంలో టెస్టింగ్ అయిపోతుంది" అని నా వాక్యం పూర్తి చేసి మ్యూట్ నొక్కాను. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. ముందు భయం వేసింది. ఆవిడ నన్నొక పని అడిగి మూడు వారాలైంది. ఏడెనిమిది వాక్యాల చీటీ ఒకటి రాసి ఇంగ్లండుకి పంపాలి. నేను మొదలు కూడా పెట్టలేదు.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచిమాటలు రాయడం మర్యాద. నేనూ రాస్తాను, ఆవిడ గురించి మంచిమాటలకు కరువేం లేదు. కానీ వాటి మధ్యలో నా తప్పొకటి అడ్డంగా కూర్చుని ఉంది. దాన్ని తప్పించుకుని రాద్దామని రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ చింపేశాను. కాబట్టి చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

డాక్టరమ్మగారు పుట్టింది తెనాలి దగ్గర. గుంటూరులో వైద్యం చదివి, పెళ్ళయ్యాక భర్తతో ఇంగ్లండు వెళ్ళారు. అక్కడ ఉత్తరాన, గొర్రెలు మేసే కొండల మధ్య, గట్టిగా నాలుగు వీధులు కూడా లేని ఒక పల్లెటూరికి ముప్పై ఏళ్ళకు పైగా ఆవిడే డాక్టరు. ఆ ఊరి పేరు నేనిక్కడ రాయను. అక్కడివాళ్ళు ఇంకా ఉన్నారు, నేను చెప్పబోయే సంగతి వాళ్ళది కూడా. భర్త పోయాక ఆవిడ కూతురి దగ్గరికి మిషిగన్ వచ్చేశారు.

మొదటిసారి ఆవిడను చూసింది తలా ఒక వంట తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో. ఎవరో, "ఆంటీ, మీ ఊరు ఎలా ఉండేదో చెప్పండి" అని అడిగారు. కృష్ణా కాలువలు, నిమ్మతోటలు వస్తాయని అందరం సర్దుకుని కూర్చున్నాం. ఆవిడ వంతెనతో మొదలుపెట్టారు. వంతెన దాటితే చర్చి, చర్చి పక్కన వెయ్యేళ్ళ చెట్టు, దాని వెనక వాగు. పది నిమిషాలయ్యాక పులిహోర గిన్నె పట్టుకున్న ఒకావిడ, "ఆంటీ, తెనాలిలో చర్చి ఎక్కడుంది?" అంది. డాక్టరమ్మగారు ఆశ్చర్యంగా చూశారు. "తెనాలి ఎవరడిగారమ్మా? మా ఊరు అడిగారుగా!"

నేను పుట్టి పెరిగింది కూకట్‌పల్లిలో, అపార్టుమెంటు మూడో అంతస్తులో. పల్లెటూళ్ళో వాడే తెలుగు మాటలు నాకు పుస్తకాల్లో కనిపించడమే తప్ప నోట్లోకి రాలేదు. చిత్రమేమిటంటే, వాటిలో సగం నాకు ఇంగ్లండు పల్లెటూరి గుండా వచ్చాయి. ఆవిడ చెప్పే తీరు అలా ఉండేది. ఆ ఊళ్ళో తప్పిపోయిన గొర్రెల్ని తోలి పెట్టే గుండ్రటి రాతిగోడల దొడ్డి ఒకటుందట. "బందెలదొడ్డి అమ్మాయ్, ఆమాత్రం తెలీదూ?" అనేవారు. పిట్టగోడలు మోకాలి ఎత్తు కూడా లేని పాత వంతెన ఉంది. గోడ ఎత్తుగా ఉంటే గుర్రాల మీద రెండువైపులా వేలాడే మూటలు తగులుతాయని అలా కట్టారు. "పెరికెద్దుల వంతెన అనుకో." చర్చి ముందు దొంగల కాళ్ళు బిగించే చెక్క ఉంది, అది బొండకొయ్య. చర్చి ఆవరణలోకి వెళ్ళేచోట చిన్న కప్పు వేసిన గేటుంది. పూర్వం శవపేటికను మోసుకొచ్చినవాళ్ళు దాని కింద దింపి, పాదిరీ వచ్చేదాకా నిలబడేవారు. "మన దింపుడు కళ్లం. కాకపోతే వాళ్ళు చెవిలో పేరు పిలవరు." పదేళ్ళ మా అమ్మాయి ఇదంతా నోరు తెరుచుకుని వినేది. "డాక్టర్ అమ్మమ్మా, సే బందెలదొడ్డి ఎగైన్" అనేది. వాళ్ళ స్కూల్లో ఆడుకునే మైదానంలో కంచె వేసిన మూలకి ఇప్పటికీ అదే పేరు.

ఆవిడకి కొన్ని పంతాలుండేవి. మైక్రోవేవ్‌లో వేడిచేసిన నీళ్ళతో టీ పెడితే ముట్టేవారు కాదు. ఎవరింటికి వెళ్ళినా చేతిసంచీలో సొంత కెటిల్ వచ్చేది. పిల్లలు ఎదురుపడితే పలకరింపుకన్నా ముందు కింది కనురెప్ప లాగి చూసేవారు. ఇంకొకటి, ఎవరు ఏ బాధ చెప్పినా ఆవిడ ప్రశ్న ఒకటే: "ఎన్నాళ్ళనుంచి?" చెప్పాక, "మళ్ళీ చెప్పు." అదీ అయ్యాక, "ఇంకోసారి చెప్పు, నేను సరిగ్గా వినలేదేమో." తలనొప్పయినా అంతే, మేనేజర్‌తో గొడవైనా అంతే, వీసా సంగతైనా అంతే. మూడుసార్లు చెప్పించుకున్నాక కానీ నోరు విప్పేవారు కాదు. ముసలితనం, చెవుడేమో అని మేం నవ్వుకునేవాళ్ళం. ఆవిడ చెవులు పాము చెవులని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కిందటి ఏడాది ఎండాకాలంలో ఆ ఊరినుంచి ఆవిడకి ఉత్తరం వచ్చింది. ఊరి చరిత్ర సంఘం వాళ్ళు పాత కరపత్రం పక్కనపెట్టి కొత్తగా ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట, ఊళ్ళో చూడాల్సిన ప్రతి చోటు గురించి ఒక పేజీ. ముప్పై ఏళ్ళు ప్రతి ఇంటి గుమ్మం తొక్కిన మనిషి మీరే కాబట్టి మీరే రాయాలని అడిగారు. ఉత్తరం చదివి వినిపించింది నేనే. ఆవిడ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. నాకు అప్పటికి సంతోషమనే అనిపించింది.

ఆవిడ చేతులు వణికేవి. కళ్ళు మసకబారి, భూతద్దం పెట్టుకుంటే కానీ అక్షరం ఆనేది కాదు. అందుకని ప్రతి శనివారం మధ్యాహ్నం నేను లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళేదాన్ని. ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంటే నేను టైప్ చేసేదాన్ని. ఏదైనా జారిపోతే మళ్ళీ వినొచ్చని ఫోన్ బల్లమీద పెట్టి రికార్డింగ్ నొక్కేదాన్ని. నిజం చెప్పాలంటే నా వారమంతటికీ ఆ రెండు గంటలే ఊపిరి. మా కంపెనీలో ఆ రోజుల్లో వరసగా మనుషుల్ని తీసేస్తున్నారు, హెచ్ వన్ వీసా మీద ఉన్నవాళ్ళ గుండెలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ గదిలో మాత్రం గొర్రెలు, వాగు, పాదిరీలు తప్ప ఇంకేమీ ఉండేవి కాదు.

ఒకరోజు పొలిమేర రాళ్ళ గురించి చెప్పారు. ఏటా వసంతంలో ఊరంతా కర్రలు పట్టుకుని పొలిమేర చుట్టి వస్తారట. రాయి వచ్చినప్పుడల్లా పిల్లల్ని ఎత్తి, దాని మీద పిరుదులు తగిలేలా కూలేస్తారు. మ్యాపులు లేని రోజుల్లో మొదలైన పద్ధతి. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకీ ఆ మర్యాద తప్పదు.

"నన్నూ ఎత్తారు అమ్మాయ్. చీర మీద రెయిన్‌కోటు, కాళ్ళకి రబ్బరు బూట్లు. ఇద్దరు రైతులు చేతులు పట్టుకున్నారు, పోస్టమ్మ కాళ్ళు పట్టుకుంది. ఠపీమని రాయి మీద కూలేశారు."

"నొప్పి పుట్టలేదా ఆంటీ?"

"పుట్టాలనేగా! దెబ్బ తగిలిన చోటు ఒళ్ళు మర్చిపోదు. హద్దు ఎక్కడుందో రేపు ఎవడైనా తగాదా పెట్టుకుంటే, నాకు ఇక్కడ తగిలింది అని చెప్పడానికి ఒక మనిషుండాలి. చరిత్రంటే అదే. తక్కినదంతా అలంకారం."

పోస్టమ్మ అంటే ఆ ఊరి పోస్టాఫీసు నడిపిన ఆవిడ. పేరు వేరే ఉంది కానీ డాక్టరమ్మగారు నాతో ఎప్పుడూ పోస్టమ్మ అనే అనేవారు. కొత్తలో ఊరంతా ఈ నల్ల డాక్టర్ని దూరంనుంచి చూస్తున్నప్పుడు, మొదట క్లినిక్ తలుపు తోసుకుని వచ్చి, ఒక కేకు ముక్క బల్లమీద పెట్టి వెళ్ళిన మనిషి. పోస్టాఫీసుకి క్లినిక్ సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల.

శరత్కాలంలో, బయట చెట్లన్నీ ఎర్రబడిన ఒక శనివారం, ఆవిడ బెంచీ గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆ బెంచీ పోస్టాఫీసు ముందు ఉంటుంది. పోస్టమ్మ చనిపోయాక ఊరివాళ్ళు వేయించారు. దాని గురించి పాత కరపత్రంలో నేను అప్పటికే చదివాను. ఊరందరి ఉత్తరాలూ చూసుకుంది కానీ తనకు జబ్బు చేస్తే ఎదురుగా ఉన్న డాక్టరు దగ్గరికి ఏనాడూ రోడ్డు దాటలేదు, అని ఉంటుంది. ఆ మాట ఊళ్ళో సామెతే అయిపోయిందట. మందంటే మొండికేసే పిల్లలతో, మొగుళ్ళతో, "పోస్టమ్మలా చేయకు, రోడ్డు దాటు" అంటారట.

ఆరోజు డాక్టరమ్మగారు చెప్పింది ఇది. ఇంగ్లీషులో చెప్పారు, తెలుగులో రాస్తున్నాను.

"పోస్టాఫీసు ముందున్న బెంచీ పోస్టమ్మ జ్ఞాపకంగా వేసింది. ఆవిడ డాక్టరు దగ్గరికి ఏనాడూ రోడ్డు దాటలేదని ఊళ్ళో చెప్పుకుంటారు. అది నిజం కాదు. తన ఆఖరి చలికాలంలో ఆవిడ మూడుసార్లు రోడ్డు దాటి వచ్చింది. కడుపు ఉబ్బరంగా ఉందని, తిండి సయించడం లేదని, నడుము లాగుతోందని చెప్పింది. పార్సిళ్ళు మోసి అలిసిపోయారని మూడుసార్లూ డాక్టరు తిప్పి పంపేసింది. నాలుగోసారి రావడానికి ఆవిడ లేదు. ఆ డాక్టర్ని నేనే."

తర్వాత తెలుగులోకి వచ్చి మిగతాది చెప్పారు. అది పుస్తకం కోసం కాదు, నా కోసం. పోస్టమ్మకి ఒక్కతే కూతురు, అప్పుడు ఎక్కడో కాలేజీలో ఉంది. తల్లి క్లినిక్‌కి వచ్చిన సంగతి ఆ పిల్లకి చెప్పలేదు, పరీక్షలని. అంత్యక్రియల రోజు ఆ చర్చి గేటు కింద ఆ పిల్ల డాక్టరమ్మగారి చెయ్యి పట్టుకుని ఊరందరి ముందు ఏడ్చింది. "అమ్మ ఒక్కసారి రోడ్డు దాటి మీ దగ్గరికి వచ్చి ఉంటే మీరు కాపాడేవారు కదా" అంది.

"నేను తలూపాను అమ్మాయ్. ఊపాను! అప్పటినుంచి ఆ పిల్లకి వాళ్ళమ్మంటే కోపం. అంత మొండితనం ఏమిటి, నా కోసమైనా బతకాలనిపించలేదా అని. రోగి సంగతి బయట చెప్పకూడదు అన్న రూలొకటి ఉందిగా, ముప్పై ఏళ్ళు దాని వెనక దాక్కున్నాను."

"ఆ అమ్మాయికి విడిగా ఉత్తరం రాయొచ్చు కదా ఆంటీ?"

"ఊరందరి ముందు తలూపాను. ఊరందరి ముందే తల దించుకోవాలి. ఈ పుస్తకం ఒప్పుకుందే ఈ ఒక్క పేజీ కోసం. వంతెనలూ దొడ్లూ ఎవరైనా రాస్తారు."

ఇంతకన్నా తేటగా ఏ మనిషీ ఏ పనీ చెప్పలేదు. అయినా ఆ పేరా నేను టైప్ చేయలేదు. వేళ్ళు ఆగిపోయాయి. ఇంటికి వెళ్ళాక రికార్డింగ్ విని రాసుకుందాంలే అనుకున్నాను. ఇంటికి వెళ్ళాక మా ఆయనతో చెప్పాను. మా ఆయనది కరీంనగర్, మనిషి మెత్తన. "పెద్దామె ఏదో మనసుల బాధతోటి అన్నది. ముప్పై ఏండ్ల కిందటి ముచ్చట, ఇప్పుడు అచ్చుల పెడితే ఏమొస్తది? లాయర్ల లోకం ఇది. వాళ్ళ బిడ్డకు తెలిస్తే మనల్ని ఏమనుకుంటది?" అన్నాడు. తప్పు ఆయన మీదకి తోయడం లేదు. ఆయన అనకముందే నేను నిర్ణయించేసుకున్నాను. పెద్దవాళ్ళు తమని తాము తిట్టుకుంటే, "ఛ ఛ, అలా అనకండి" అని నోరు మూయించడమే మనకు తెలిసిన గౌరవం. ఆ ఊరు ఆవిణ్ణి దేవతలా చూసుకుంటోంది. నా చేత్తో ఆ పేరు మీద మసి పూయాలా?

అంతటితో ఆగినా బాగుండేది. పేజీ ఖాళీగా ఉంచలేక, పాత కరపత్రంలోని వాక్యాన్నే కాస్త నగిషీ చెక్కి పెట్టాను. అందరికోసం గుమ్మంలో నిలబడి, తనకోసం మాత్రం ఏనాడూ రోడ్డు దాటని మనిషి, అని. ఇంగ్లీషులో చాలా అందంగా వచ్చింది. రాసుకున్నందుకు ఆరోజు కొంచెం గర్వపడ్డాను కూడా. ఆవిడ ముప్పై ఏళ్ళనుంచి మోస్తున్న అబద్ధాన్ని, ఆవిడ పేరు కింద, నేను మళ్ళీ అచ్చుకి పంపాను.

పంపేముందు, "మొత్తం ఒకసారి చదివి వినిపించనా ఆంటీ?" అని అడిగాను. అడుగుతున్నప్పుడు నా గొంతు ఎలా ఉందో నాకు తెలుసు. ఆవిడ కాసేపు నావైపు చూసి, "నువ్వు చదివావుగా, చాలు. పంపించెయ్" అన్నారు.

జనవరిలో, మంచు మోకాళ్ళదాకా పడిన వారంలో, పది పుస్తకాల పార్సిల్ వచ్చింది. ఆవిడ రమ్మంటే వెళ్ళాను. అట్ట మీద పెరికెద్దుల వంతెన బొమ్మ. ఆవిడ దాన్ని చూడలేదు, తిన్నగా బెంచీ పేజీ తీశారు. భూతద్దం కింద అక్షరాలు ఒక్కొక్కటే కదులుతుంటే నేను బూట్లు విప్పడం మర్చిపోయి అలాగే నిలబడ్డాను.

"అమ్మాయ్, ఇది నా వాక్యం కాదు."

"మీకు చెడ్డపేరు వస్తుందని ఆంటీ... ఇన్నేళ్ళ తర్వాత..."

"పేరు ఎవరిది?"

"మీది."

"చెడితే నాది చెడాలి. పోస్టమ్మది ఎందుకు చెడాలి? ఆ పిల్ల తల్లిని ఎందుకు తిట్టుకుంటూ బతకాలి?" గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది. భూతద్దం పక్కన పెట్టి, "నేను చేసిన తప్పు నీ చేత కూడా చేయించాను" అన్నారు. ఆ మాట నేను భరించలేకపోయాను, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆవిడ లేచి కెటిల్ పెట్టారు. టీ ఇచ్చి, "మన పాత పుస్తకాల వెనక తప్పొప్పుల పట్టిక అని వేసేవాళ్ళు, చూశావా?" అని అడిగారు. "అలాంటి చీటీ ఒకటి రాసి పంపు. వాళ్ళు ప్రతి పుస్తకంలో ఆ పేజీ దగ్గర అంటిస్తారు. రికార్డింగ్ ఉందిగా, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. పూలు పెట్టకు."

సంఘం కార్యదర్శికి ఆరోజే మెయిల్ రాశాను. చీటీ పంపండి, అంటిస్తాం అని మర్నాడే జవాబు వచ్చింది. మిగిలింది రికార్డింగ్ విని ఏడెనిమిది వాక్యాలు రాయడం. గంట పని. ఆ వారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు. తర్వాతి వారం మా అమ్మాయికి గొంతునొప్పి, జ్వరం. ఆ తర్వాత ఏమీ లేదు, ఉత్త బద్ధకం, దాని కింద భయం. ఆ రికార్డింగ్‌లో నా మౌనాన్ని నేను మళ్ళీ వినాలి. ఆవిడ ఫోన్ చేసి, "పంపావా?" అని అడిగారు. "ఈ శనివారం, ఆంటీ." మళ్ళీ అడిగారు. "రిలీజ్ అయిపోగానే." మూడోసారి అడిగినప్పుడు దగ్గుతూ మాట్లాడారు. "మీరు రెస్ట్ తీసుకోండి, నేను చూసుకుంటాగా" అన్నాను. మూడుసార్లు ఆవిడ అడిగారు, మూడుసార్లూ నేను తిప్పి పంపేశాను. నాలుగు రోజులకు న్యుమోనియా అని హాస్పిటల్లో చేర్చారు. లోపలికి ఇంటివాళ్ళని తప్ప ఎవరినీ రానివ్వలేదు. ఆ తర్వాత మంగళవారం.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది. చీటీ రాశాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు, పూలు పెట్టకుండా. గంట పట్టలేదు, ఇరవై నిమిషాలు. పంపేముందు మా స్నేహితురాలికి, అంటే ఆవిడ కూతురికి, అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తను చీటీ రెండుసార్లు చదివి, "అమ్మ మా ఇంట్లో ఎవరికి చిన్న జ్వరం వచ్చినా పక్కన కూర్చుని వణికిపోయేది. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. పంపు" అంది. చీటీతోపాటు ఆ రికార్డింగ్ కూడా జతచేసి, పోస్టమ్మ కూతురికి అందేలా చూడమని కార్యదర్శిని వేడుకున్నాను. నేను దాచిన సంగతి కూడా రాశాను. నాది దింపుడు కళ్లం ఆశ అని నాకు తెలుసు.

తొమ్మిదో రోజున ఆ కూతురి దగ్గరనుంచి మెయిల్ వచ్చింది. ఆవిడకిప్పుడు యాభై దాటి ఉంటాయి. సముద్రం దగ్గర ఏదో ఊళ్ళో ఉంటున్నారు. పెద్ద ఉత్తరం కాదు. తల్లి తనకోసం ఏ ప్రయత్నమూ చేయలేదన్న కోపంతో ఇన్నేళ్ళుగా ఆ బెంచీ మీద ఒక్కసారి కూడా కూర్చోలేదట. "మా అమ్మ మూడుసార్లు రోడ్డు దాటింది. ఈ వాక్యాన్ని రోజూ పైకి చదువుకుంటున్నాను" అని రాశారు. డాక్టరమ్మగారి మీద ఆవిడకి కోపం ఉంది. దాచుకోకుండా రాశారు. ఆ కోపాన్ని ఆవిడ ముఖం మీదే చెప్పే వీలు లేకుండా పోయిందని కూడా రాశారు. పుస్తకంలో ఉండాల్సినది పుస్తకంలో ఉండి ఉంటే, జనవరిలోనే ఫోన్ చేసేదాన్ని అన్నారు. అప్పటికి డాక్టరమ్మగారు బతికే ఉన్నారు. తిట్టించుకోవడానికి సిద్ధంగా, నాకు తెలిసి ఎదురుచూస్తూ ఉన్నారు. ఇది నేను ఎవరికి చెప్పుకోను?

చివర్లో ఒక ప్రశ్న అడిగారు. "రికార్డింగ్‌లో మా అమ్మ గురించి చెప్పడం అయిపోయాక డాక్టరు మీ భాషలో మిమ్మల్ని ఏదో అడిగారు. మీరు జవాబిచ్చారు. అది కూడా మా అమ్మ గురించే అయితే, ఏమిటో తెలుసుకోవాలని ఉంది."

చీటీ రాసేటప్పుడు ఆ పేరా వరకే విని ఆపేశాను. ఈసారి ఆఫీసు పార్కింగ్‌లో కారులో కూర్చుని ఆపకుండా విన్నాను. "ఆ డాక్టర్ని నేనే" అని ఇంగ్లీషులో అన్నాక ఆవిడ ఆగారు. తెలుగులో, "రాస్తున్నావా అమ్మాయ్?" అని అడిగారు.

"రాస్తున్నానాంటీ" అంది నా గొంతు.

ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. అంతకు ముందు గంటసేపు ఆగకుండా టకటకలాడిన కీబోర్డు కూడా వినిపించలేదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపుందో చూశాను, పదకొండు సెకన్లు. చూపు ఆనని మనిషి అన్నిటినీ చెవులతోనే చూసుకునేది. ఆవిడ కుర్చీ కిర్రుమంది. ఒక చిన్న నిట్టూర్పు. పోస్టమ్మ కూతురి సంగతి, గేటు సంగతి మొదలుపెట్టి, నేను విడిగా ఉత్తరం రాయొచ్చు కదా అన్నదాకా అంతా చెప్పారు. అప్పటికీ నా వేళ్ళు కదల్లేదు.

"సరేలే" అన్నారు చివరికి, చాలా మెల్లగా. "వంతెన దగ్గరికి పద."

వెంటనే కీబోర్డు టకటకమంది.